రాత్రి ఎలా పడుకున్నారండీ?

కోనసీమలో ఛాతీ నొప్పికి మొదటి పేరు 'గేస్'. అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఏ ఊరెళ్లినా అంతే. పెళ్లి భోజనంలో పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకున్నా గేసే. పొలం గట్టు మీద ఆయాసం వచ్చినా గేసే. వాము నమలడం, సోడా తాగడం, మందుల షాపులో రెండు బిళ్లలు తెచ్చుకుని వేసుకోవడం వరసగా జరిగిపోతాయి. అప్పటికీ తగ్గకపోతే రెండో పేరు బయటికొస్తుంది. 'కొంపదీసి హార్ట్ ఎటాక్ కాదు కదా!'

ఈ రెండింటి మధ్య మూడో జబ్బు ఒకటుంది. దాని పేరు ఇళ్లల్లో పెద్దగా వినపడదు. అది గుండె కండకు వచ్చేది కాదు, గుండెను చుట్టుకుని ఉన్న సంచికి వచ్చేది. పాతికేళ్ల కుర్రాడికీ రావచ్చు, డెబ్భయ్యేళ్ల పెద్దాయనకూ రావచ్చు. వేళకు పట్టుకుంటే చాలామందికి మందులతోనే నయమవుతుంది. పట్టుకోకపోతే ఒక్కోసారి గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకోసారి నెలలు, ఏళ్ల తరబడి వేరే జబ్బు వేషం వేసుకుని తిరుగుతుంది.

విశేషం ఏమిటంటే, దీన్ని పట్టించే మొదటి ఆనవాలు చాలాసార్లు ఇంట్లోనే దొరుకుతుంది. రాత్రి ఎలా పడుకున్నారు? ఎలా కూర్చుంటే హాయిగా ఉందన్నారు? ముందు పొట్ట ఉబ్బిందా, కాళ్లు వాచాయా? ఇవన్నీ దగ్గరుండి చూసేది ఇంట్లోవాళ్లే కదా!

కాయలో నీళ్లలా...

గుండె చుట్టూ ఉండే సంచిని డాక్టర్లు 'పెరికార్డియం' అంటారు. బయట గట్టి పొర. దాని లోపల పలుచటి పొరలు రెండు. ఒకటి గట్టి పొరకు లోపలివైపు, రెండోది గుండెకే అంటుకుని ఉంటాయి. ఆ రెండింటి మధ్య కొద్దిగా ద్రవం. మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్లు, అంతే. లేత బొండంలో నీళ్లతో పోలిస్తే చాలా తక్కువ.

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. అన్నిసార్లు కదిలినా చుట్టుపక్కల రాసుకోకుండా చూసేది ఆ కాస్త ద్రవమే. గుండెను దాని చోటు నుంచి జరగనివ్వదు, ఒక్కసారిగా ఉబ్బిపోనివ్వదు ఈ సంచి. మరి ఇది లేకపోతే మనిషి బతకలేడా అంటే... బతకగలడు. అవసరమైతే ఆపరేషన్ చేసి తీసేస్తారు కూడా. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

ఈ సంచికి వచ్చే ముఖ్యమైన ఇబ్బందులు మూడు. ఒకటి, పొరలు వాచడం. రెండు, మధ్యలో నీరు ఎక్కువగా చేరడం. మూడు, సంచి బిగుసుకుపోయి గట్టిపడటం. మూడూ వేర్వేరుగా రావచ్చు, ఒకదాని వెంట ఒకటీ రావచ్చు.

వంగితే హాయి, పడుకుంటే నరకం

పొరలు వాచడాన్ని 'పెరికార్డైటిస్' అంటారు. చాలామందిలో దీనికి వారం పది రోజుల ముందు జలుబో, జ్వరమో వచ్చి ఉంటుంది. ఒంట్లో చేరిన వైరస్ పోతూపోతూ గుండె సంచికి చిచ్చు పెడుతుందన్నమాట. కారణం తేలని కేసులూ ఎక్కువే.

నొప్పి ఎలా ఉంటుంది? గుచ్చినట్టు, కోసినట్టు ఉంటుంది. గట్టిగా ఊపిరి పీలిస్తే ఎక్కువ. దగ్గితే ఎక్కువ. వెల్లకిలా పడుకుంటే మరీ ఎక్కువ. లేచి కూర్చుని ముందుకు వంగితే మాత్రం ఎవరో చెయ్యేసి తీసేసినట్టు తగ్గుతుంది. కొందరికి నొప్పి భుజం పైభాగానికి, మెడ వైపుకు పాకుతుంది.

హార్ట్ ఎటాక్ నొప్పి సాధారణంగా ఇలా ఉండదు. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువుగా ఉంటుంది. ఎడమ చేతికీ దవడకీ పాకవచ్చు. చెమటలు పడతాయి. ఎటు తిరిగినా, ఎలా కూర్చున్నా మారదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ తేడా డాక్టర్‌కి చెప్పడానికే గానీ, ఇంట్లో కూర్చుని తేల్చుకోవడానికి కాదు. 'వంగితే తగ్గుతోంది కదా, ఎటాక్ కాదులే' అని ఇంట్లో ఉండిపోకూడదు. ఛాతీ నొప్పి ఏదైనా ముందు ఈసీజీ తీయించాల్సిందే. హార్ట్ ఎటాక్‌లో సాధారణంగా గుండెలో ఒక వైపుకి సంబంధించిన గీతలే మారతాయి. సంచి వాపులో దాదాపు అన్ని వైపుల గీతల్లోనూ మార్పు కనిపిస్తుంది. ఛాతీ మీద స్టెత్ పెట్టినప్పుడు ఎండు కొబ్బరి మట్టలు ఒకదానికొకటి రాసుకున్నట్టు గరగరమనే చప్పుడు వినపడటం ఇంకో గుర్తు. కానీ అది వచ్చిపోతూ ఉంటుంది. పొద్దున వినపడింది సాయంత్రానికి ఉండకపోవచ్చు.

ఇల్లాలు చెప్పిన ముక్క

ఒక ఇంటిని ఊహించుకుందాం. రాజోలుకు అవతల ఏదో ఓ ఊరు. ఇంటాయనకు ముప్పై అయిదేళ్లు. కొబ్బరి దింపు పని. రోజుకు పదుల చెట్లు ఎక్కి దిగే ఒళ్లు. జ్వరం వచ్చి తగ్గింది. వారం తిరక్కుండానే ఛాతీలో పోటు మొదలైంది. 'చెట్టెక్కినప్పుడు కండరం పట్టేసుంటుందిలే' అని ఆయనే తేల్చేసుకున్నాడు. రెండ్రోజులు నొప్పి బిళ్లలతో నెట్టుకొచ్చాడు. మూడో రోజు డాక్టర్ ముందు కూర్చున్నా అదే మాట. 'కండరం పట్టేసిందండి. ఓ సూదేసెయ్యండి, రేపు దింపుంది.'

పక్కనున్న ఇల్లాలు ఊరుకోదు. 'అది కాదండి డాక్టరు గారూ! మూడు రాత్రుళ్ల నుంచి నడుం వాల్చలేదండి. దిండు ఒళ్లో పెట్టుకుని దాని మీదకి వంగి కూర్చునే తెల్లారుస్తున్నారండి.'

ఆ ఒక్క ముక్కతో డాక్టర్ ఆలోచన దారి మారుతుంది. సూది బదులు ఈసీజీ వస్తుంది. దాని వెనకే ఎకో వస్తుంది. సంచిలో నీరుందా, ఉంటే ఎంత, గుండె మీద ఒత్తిడి పడుతోందా అన్నది ఎకోలో నిమిషాల మీద తెలుస్తుంది.

రోగి తన జబ్బును తక్కువ చేసి చెబుతాడు. పని పోతుందని ఒకరు, ఖర్చవుతుందని ఒకరు, ఇంట్లోవాళ్లు కంగారు పడతారని ఇంకొకరు. అందుకే తోడు వెళ్లినవాళ్ల కళ్లు, నోరు రెండూ అవసరం.

మందు బిళ్లలు... ఓపిక

వైరస్ వల్ల వచ్చే సంచి వాపునకు వైద్యం ఖరీదైనదేం కాదు. యాస్పిరిన్ లేదా ఐబుప్రోఫెన్ వంటి వాపు తగ్గించే మందులు, వాటితో పాటు కోల్చిసిన్. గౌట్ నొప్పులకు వాడే పాత మందే ఇది. మన అడవుల్లో, కంచెల మీద ఎర్రగా పసుపుగా మంటల్లా పూసే అడవినాభి తీగలోనూ ఈ పదార్థమే ఉంటుంది. అలాగని ఆ దుంప జోలికి మాత్రం పోకూడదు. అది ప్రాణం తీసే విషం. మోతాదు కొలిచి ఇచ్చే బిళ్ల మాత్రమే మందు.

ఈ మందు మీద ఇటలీ వైద్యులు 240 మందితో చేసిన పరిశోధన 2013లో వెలువడింది. మామూలు మందులు మాత్రమే వాడినవాళ్లలో 37.5 శాతం మందికి జబ్బు తగ్గకుండా సాగడమో, తిరగబెట్టడమో జరిగింది. కోల్చిసిన్ కూడా వాడినవాళ్లలో అది 16.7 శాతమే. అంటే సగానికి పైగా తగ్గినట్టే. అందుకే మొదటిసారి వచ్చినప్పుడే మూడు నెలలు వాడమంటారు.

చిక్కంతా ఆ మూడు నెలల దగ్గరే. నొప్పి వారంలో పోతుంది. నొప్పి పోయాక బిళ్లలెందుకు అని డబ్బా అటకెక్కుతుంది. జబ్బు తిరగబెడుతుంది. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. మందు, మోతాదు మార్చాల్సి ఉంటుంది. స్టెరాయిడ్లు వేస్తే చిటికెలో తగ్గినట్టుంటుంది గానీ, ఈ రకం వాపులో వాటిని మొదటి మందుగా వాడరు. వాటితో తిరగబెట్టడం ఎక్కువ.

విశ్రాంతి కూడా మందే. నొప్పి పోయి, రక్తంలో వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష, ఈసీజీ మామూలయ్యేదాకా బరువు పనులు వద్దంటారు. దింపు తీసేవాళ్లకీ, వలుపు కార్మికులకీ, వరి మోత మోసేవాళ్లకీ ఇది చెప్పినంత తేలిక కాదు. చెట్టెక్కితేనే పొయ్యి వెలిగే ఇంట్లో నెల రోజుల విశ్రాంతి అంటే పెద్ద మాటే. అయినా ఆ నెల తప్పించుకుంటే తర్వాత పోయేది నెలతో ఆగదు.

గోదారి పెరిగినట్టు

ఇక రెండో ఇబ్బంది, నీరు చేరడం. గోదారి నెమ్మదిగా పెరిగితే లంకల్లోవాళ్లు సామాను సర్దుకుని, గొడ్లను తోలుకుని ఏటిగట్టెక్కుతారు. రాత్రికి రాత్రి ముంచుకొస్తే ఆ వ్యవధి ఉండదు. గుండె సంచీ అంతే. నీరు వారాల తరబడి కొద్దికొద్దిగా చేరితే సంచి సాగుతుంది. లీటరు దాకా పట్టినా మనిషి ఆయాసపడుతూనే తిరుగుతుంటాడు. ఒక్కసారిగా చేరితే 150, 200 మిల్లీలీటర్లు చాలు... గుండె లోపలికి రక్తం రానివ్వకుండా నొక్కేస్తుంది. దీన్ని 'టాంపొనేడ్' అంటారు. ఇది అత్యవసరం.

గుర్తులు? ఉన్నట్టుండి పెరిగే ఆయాసం. పడుకోలేకపోవడం. నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవడం. చల్లటి చెమట, కళ్లు తిరగడం. లేచి కూర్చున్నా మెడ పక్కన సిరలు తాళ్లలా ఉబ్బి కనిపించడం. బీపీ పడిపోవడం, మెడ సిరలు ఉబ్బడం, గుండె చప్పుడు దూరం నుంచి వస్తున్నట్టు వినిపించడం... ఈ మూడూ కలిస్తే అనుమానించాలని క్లాడ్ బెక్ అనే అమెరికన్ సర్జన్ 1935లోనే చెప్పాడు. వైద్య విద్యార్థులు ఇప్పటికీ ఆయన పేరుతోనే చదువుకుంటారు.

వైద్యం ఒకటే, నీరు తీయడం. ఎకోలో చూస్తూ సన్నటి సూదిని సంచిలోకి పంపి, గొట్టం పెట్టి బయటకు లాగేస్తారు. కొద్దిగా తీసినా రోగికి ఊపిరి తిరిగొస్తుంది. ఆయాసం, వాపు చూసి సొంతంగా 'నీరు తీసే బిళ్లలు' వేసేయడం ఇలాంటప్పుడు ప్రమాదం. అవి గుండెకు చేరే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి.

నీరు ఎవరిలో చేరుతుంది? టీబీ ఉన్నవాళ్లలో, కొన్నిరకాల క్యాన్సర్లలో, థైరాయిడ్ బాగా తగ్గినవాళ్లలో చేరవచ్చు. కిడ్నీలు చెడి డయాలసిస్ తప్పించుకునేవాళ్లలోనూ చేరవచ్చు. చెట్టు మీంచి పడి ఛాతీకి దెబ్బ తగిలితే నీటి బదులు రక్తమే చేరవచ్చు. కాబట్టి చెట్టు మీంచి పడ్డ మనిషికి కాలూ చెయ్యీ విరగలేదని సంబరపడి ఇంట్లో పడుకోబెట్టకూడదు.

టీబీ అంటే ఊపిరితిత్తులే కాదు

ఐరోపాలోనూ అమెరికాలోనూ గుండె సంచి జబ్బంటే ముందు వైరస్ గుర్తొస్తుంది. మన దేశంలో టీబీ గుర్తు రావాలి. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మనవాళ్లే.

టీబీ సంచికి పట్టినప్పుడు దగ్గు ఉండి తీరాలని లేదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తిండి సయించకపోవడం, మెల్లగా పెరిగే ఆయాసం... వారాల తరబడి సాగుతాయి. ఛాతీ ఎక్స్‌రేలో గుండె బిందెలా పెద్దగా కనిపిస్తుంది. తీసిన నీటిలో టీబీ పరీక్షలు చేస్తారు. వాటితో పాటు హెచ్ఐవీ పరీక్ష చేయడం కూడా మామూలే. దానికి నొచ్చుకోవాల్సిన పనిలేదు.

టీబీ అని తేలితే మందులు సాధారణంగా ఆరు నెలలు. ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తుండగా, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. స్టెరాయిడ్లు కలపాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయించాలి. ఆఫ్రికాలో 1400 మందితో చేసిన పరిశోధన 2014లో వెలువడింది. స్టెరాయిడ్ వల్ల ప్రాణనష్టం తగ్గలేదు గానీ, సంచి బిగుసుకుపోవడం 7.8 శాతం నుంచి 4.4 శాతానికి తగ్గింది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో మాత్రం క్యాన్సర్ల ముప్పు పెరిగింది. కాబట్టి అందరికీ ఒకటే చీటీ పనికిరాదు.

'తాగుడు వల్లే' అనే ముందు

మూడోది సంచి బిగుసుకుపోవడం. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఇదే. వైరస్ వాపు తర్వాత ఇది చాలా అరుదు, ఒక శాతం కన్నా తక్కువ. టీబీ, చీము పట్టే ఇన్ఫెక్షన్ల తర్వాత మాత్రం 20, 30 శాతం దాకా ముప్పుందని 2015 నాటి ఐరోపా వైద్యుల మార్గదర్శకాలు చెప్పాయి. పలుచటి సంచి దళసరెక్కి, కొందరిలో సున్నం చేరి కొబ్బరిచిప్పలా తయారవుతుంది. ఆ చిప్పలో గుండె విచ్చుకోలేదు. ఒంట్లోంచి రావాల్సిన రక్తం వెనకే నిలిచిపోతుంది. కాలేయం ఉబ్బుతుంది. పొట్టలో నీరు చేరుతుంది. కాళ్లు వాస్తాయి. ఒళ్లు చిక్కిపోయి పొట్ట మాత్రం బానలా కనిపిస్తుంది.

పొట్ట ఉబ్బిన మగవాణ్ని చూస్తే ఊరు ఏమంటుంది? 'కల్లు తాగి లివర్ పాడు చేసుకున్నాడు' అంటుంది. ఆయన జన్మలో చుక్క ముట్టకపోయినా ఆ మాట పడాల్సిందే. ముట్టినవాడైతే ఇక చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్లే నమ్మరు. భార్య దెప్పుతుంది, బావమరుదులు పంచాయితీ పెడతారు. పసరు మందులు కొన్నాళ్లు, పొట్టలో నీరు తీయించుకోవడం కొన్నాళ్లు. ఈలోగా అసలు జబ్బు ముదురుతుంది. పోయేది పరువొక్కటే కాదు, బాగుపడే వ్యవధి కూడా పోతుంది.

తేడా చెప్పేది మెడ. లివర్ చెడి పొట్టలో నీరు చేరినవాళ్లలో మామూలుగా మెడ సిరలు ఉబ్బవు. సంచి బిగిసినవాళ్లలో కూర్చున్నా ఉబ్బే ఉంటాయి. కాళ్ల కన్నా పొట్ట ముందు ఉబ్బడం ఇంకో సూచన. ఎప్పుడో టీబీ మందులు వాడి ఉంటే అనుమానం మరింత పెరగాలి. అందుకే పొట్టలో నీరు చేరిన మనిషికి కడుపు స్కానింగ్‌తో సరిపెట్టుకోకుండా, 'గుండె స్కానింగ్ కూడా అవసరమాండీ?' అని అడగడంలో తప్పులేదు.

తొలి నెలల్లో పట్టుకుంటే కొందరిలో మందులతోనే సంచి మెత్తబడుతుంది. ముదిరితే ఆపరేషనే. బిగిసిన సంచిని గుండె మీంచి ఒలిచి తీసేస్తారు. పెద్ద ఆపరేషనే. 6 నుంచి 12 శాతం దాకా ప్రాణాపాయం ఉంటుందని అవే మార్గదర్శకాలు చెప్పాయి. లివర్, కిడ్నీలు చెడకముందే చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. పేదవాళ్లు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వీలవుతుందేమో ఆస్పత్రిలోని పథకం సిబ్బందిని ముందే అడగాలి.

రేవు దాటే ముందు

కోనసీమ చుట్టూ నీళ్లే. ఒకప్పుడు కాకినాడ పెద్దాస్పత్రికి వెళ్లాలంటే రేవులో పడవ కోసం ఎదురు చూడాల్సి వచ్చేది. ఇప్పుడు యానాం-ఎదుర్లంక, రావులపాలెం, చించినాడ వంతెనలున్నాయి. అమలాపురంలో మెడికల్ కాలేజీ ఉంది. 2005లో మొదలైన 108 ఉంది. అయినా వరదల్లో కొన్ని లంకలకు ఇప్పటికీ పడవే దిక్కు. 2022 జులైలో అదే చూశాం. ఆయాసంతో కూర్చునే నిద్రపోతున్న మనిషిని 'తెల్లారాక చూద్దాం' అనుకోవడానికి ఆ ఊళ్లలో వీల్లేదు. గోదారి పెరుగుతున్న వార్త రేడియోలో వినగానే ముందు గట్టు దాటించాల్సింది అలాంటివాళ్లనే.

వెళ్లేటప్పుడు పాత చీటీలు, ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల డబ్బాలు సంచిలో వేసుకోవాలి. టీబీ మందులు ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు మానేశారో దాచకుండా చెప్పాలి. జ్వరం ఏ రోజు వచ్చింది, ఆయాసం ఏ రోజు మొదలైంది, బరువు ఎంత తగ్గింది... ఓ కాగితం మీద రాసుకెళితే ఇంకా మంచిది.

డాక్టర్ 'ఏమిటి ఇబ్బంది?' అని అడిగితే 'గేస్ అండీ' అని మన మాటతో తేల్చేయకూడదు. జబ్బు పేరు పెట్టడం డాక్టర్ పని. చూసింది చూసినట్టు చెప్పడం మన పని.